కత్తిరించి అతికించకండి, కెమెరాను కదలనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

ఒకే మనిషి ఒకే ఫొటోలో రెండుచోట్ల కనిపించేలా చేయడం ఎలాగో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో ఇచ్చిన వ్యాసం చదివాను. సరదాగా రాశారు. కానీ అసలు పద్ధతి దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది. రెండు ఫొటోలు తీసి, ఒకదాంట్లో మనిషిని వెంట్రుకవాసి తేడా రాకుండా చుట్టూ కత్తిరించి, రెండోదాని మీద అతికించమన్నారు. ఆ పని చేసినవాళ్లకు సాయంత్రమంతా జుట్టు అంచుల దగ్గరే గడిచిపోతుంది. చివరికి తల చుట్టూ తెల్లటి గీత, గాల్లో తేలుతున్న పాదాలు మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ రాకపోవడం వల్ల కాదు, కత్తిరించాల్సిన అవసరమే లేనిచోట కత్తిరించడం వల్ల.

ఈ తరహా ఫొటోకు ఆధారం ఒక్కటే. కెమెరా కదలకుండా ఉంటే రెండు ఫ్రేముల్లోనూ గోడ, తలుపు, నేల అన్నీ అంగుళం కాదు, పిక్సెల్ తేడా లేకుండా ఒకేచోట ఉంటాయి. మనిషి మాత్రం ఒకదాంట్లో ఎడమన, ఇంకోదాంట్లో కుడిన. అప్పుడు ఎడమ సగం మొదటి ఫ్రేము నుంచి, కుడి సగం రెండో ఫ్రేము నుంచి తీసుకుంటే సరిపోయె. అతుకు ఖాళీ గోడ మీదుగా పోతుంది. జుట్టునీ వేళ్లనీ ముట్టుకోనక్కర్లేదు. పాదాల కింది నీడలు వాటంతటవే సరిగ్గా వస్తాయి, ఎందుకంటే అవి నిజమైన నీడలే. దూరాన్నిబట్టి మనిషి పరిమాణం కూడా లెక్క తప్పదు.

ఇదేమీ కంప్యూటర్‌తో పుట్టిన విద్య కాదు. ఆస్కార్ రెయ్‌లాండర్ అనే ఫొటోగ్రాఫర్ 1857లో ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే చిత్రం ముద్రించాడు. 1871 ప్రాంతంలో చిత్రకారుడిగా ఉన్న తననూ, సైనిక దుస్తుల్లో ఉన్న తననూ పక్కపక్కన నిలబెట్టాడు. 1890ల తొలినాళ్లలో మోరిస్ గిబేర్ తీసిన ఫొటోలో చిత్రకారుడు టూలూస్ లోట్రెక్ ఒకవైపు బొమ్మ వేస్తుంటాడు, మరోవైపు మోడల్‌గా కూర్చునీ ఉంటాడు. అదే దశాబ్దంలో కెనడాలో హానా మేనార్డ్ అనే ఫొటోగ్రాఫర్ ఇంకా చిలిపిగా, గోడమీది పటంలోంచి వంగిన తాను కింద కూర్చున్న తన నెత్తిమీద టీ పోస్తున్నట్టు తీసింది. మన సినిమా భాషలో చెప్పే డబుల్ యాక్షన్‌కు మొదట వాడిన కిటుకూ ఇదే: కదలని కెమెరా, సగం మూసిన లెన్సు.

ఇక పని. ముందు స్టాండు. గట్టినేల మీద పెట్టాలి. తివాచీ మీదా, చెక్క పలకల నేల మీదా పెడితే ఎవరైనా పక్కనుంచి నడిచినా కెమెరా ఊగుతుంది. నడిమి రాడ్డు పైకి లాగకూడదు. ఎత్తు చాలకపోతే కాళ్లు పొడిగించాలి. కెమెరా పట్టీ వేలాడుతుంటే చుట్టి కట్టేయాలి. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కెమెరాను చేత్తో తాకనే కూడదు. రిమోట్ ఉంటే మంచిది. లేకపోతే పది సెకన్ల టైమర్ పెట్టి, అయిదు సెకన్లకొకటి చొప్పున వరుసగా తీసుకునేలా ఇంటర్వెల్ అమర్చుకుంటే మనిషి ఒక్కడే అయినా హాయిగా చోటు మారవచ్చు. ప్రతి షాటుకూ వెనక్కి వచ్చి బటన్ నొక్కితే ఆ నొక్కుడుకే రెండు మూడు పిక్సెళ్లు జరుగుతుంది. స్టాండు మీద ఉన్నప్పుడు లెన్సులోని స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే అమరిక) ఆపేయాలి. అది పనిచేస్తుంటే లోపలి గాజు ఒక్కో షాటుకు ఒక్కోచోట నిలుస్తుంది, కెమెరా కదలకపోయినా బొమ్మ కదులుతుంది. జూమ్ లెన్సును బాగా కిందికి వంచి తీసేటప్పుడు దాని బరువుకే అది జారే అవకాశం ఉంది. రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి.

తర్వాత ఆటోమేటిక్ అన్నది ఏదీ ఉండకూడదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. నల్లచొక్కా మనిషి ఎడమవైపు చీకటి మూలలో ఉన్నప్పుడు ఎంత వెలుగు కావాలో కెమెరా ఒక లెక్క కడుతుంది, అదే మనిషి కిటికీ ముందుకు రాగానే ఇంకో లెక్క కడుతుంది. రెండు సగాలూ కలిపితే గోడ మధ్యలో నిలువుగా చార పడినట్టు కనిపిస్తుంది. కాబట్టి మాన్యువల్ మోడ్‌లో పెట్టి ఒకసారి చూసుకుని ఇక మార్చకూడదు. కిటికీ వెలుగున్న గదిలో అపెర్చర్ (లెన్సు ద్వారం; అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్ 8, షట్టర్ సెకనులో 60వ వంతు, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 400తో మొదలుపెట్టి అటూ ఇటూ సర్దుకోవచ్చు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే అమరిక) కూడా ఆటోలో వదలకూడదు; ఎర్ర చొక్కా ఫ్రేములో జరిగితే చాలు, గోడ రంగు ఒకసారి పసుపుకీ ఒకసారి నీలానికీ మొగ్గుతుంది. రా ఫైళ్లు (కెమెరా సర్దుబాట్లు చేయకుండా దాచే ముడి ఫైళ్లు) తీస్తే దీన్ని తర్వాత సరిచేసుకోవచ్చు కానీ, రెండు ఫ్రేములకూ ఒకే విలువలు వేయాలి.

ఫోకస్ సంగతి కొంచెం లోతుగా చెప్పాలి. ఫోకస్ దూరం మారితే చాలా లెన్సుల్లో బొమ్మ పరిమాణం కూడా రవ్వంత మారుతుంది. ముందున్న మనిషికి ఒకసారి, వెనకున్న మనిషికి ఒకసారి ఫోకస్ చేస్తే రెండు ఫ్రేముల్లో తలుపు అంచు రెండుచోట్ల పడుతుంది. అందుకని మనిషి నిలబడబోయే రెండు చోట్లూ కెమెరాకు దాదాపు సమాన దూరంలో ఎంచుకుని, ఒకసారి ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చేయాలి. దూరాలు వేరుగా ఉండక తప్పకపోతే ఎఫ్ 11 దాకా వెళ్లండి, రెండూ స్పష్టంగా వస్తాయి. మరీ వైడ్ లెన్సు వద్దు. అంచుల్లో నిలబడ్డ మనిషి ముఖం పక్కకు సాగుతుంది. ఇద్దరూ ఒకరేనని చూసేవాళ్లకు నమ్మకం కుదరదు.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఇవే నియమాలు, ఇంకో నాలుగు చిక్కులు. తెరమీద వేలితో కాసేపు నొక్కిపట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) లాక్ అవుతాయి, కానీ వైట్ బ్యాలెన్స్ చాలా ఫోన్లలో అలా లాక్ కాదు. ప్రో మోడ్ ఉంటే దాంట్లోకి వెళ్లాలి. పోర్ట్రెయిట్ మోడ్, నైట్ మోడ్, హెచ్‌డీఆర్ ఆపేయాలి. ఇవి ప్రతి షాటునూ తమ ఇష్టమొచ్చినట్టు వండుతాయి. రెండు మూడు లెన్సులున్న ఫోన్లు వెలుగు తగ్గినా, వస్తువు దగ్గరికొచ్చినా చెప్పకుండా లెన్సు మార్చేస్తాయి. ఒక ఫ్రేము ఒక లెన్సుతోనూ మరోటి ఇంకో లెన్సుతోనూ వస్తే వాటిని కలపడం వృథాప్రయాస. ఫోన్‌ను పుస్తకాలకు ఆనించి నిలబెట్టడం కంటే క్లిప్పున్న చిన్న స్టాండు నయం.

వెలుగు మన చేతిలో ఉండదు, అందుకే తొందరపడాలి. మబ్బు అడ్డం వచ్చిందంటే అరనిమిషంలోనే గది వెలుగు మారిపోతుంది. రెండు ఫ్రేములూ నిమిషం లోపు అయిపోవాలి. అంటే దుస్తులు మార్చుకోవడం ఉంటే మేఘం లేని వేళో, పూర్తిగా మబ్బు పట్టిన వేళో చూసుకోవాలి, లేదా కర్టెన్ వేసి దీపాల వెలుగుతోనే తీయాలి. ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి, 50 హెర్ట్జ్ కరెంటులో. సెకనులో 50వ వంతో 100వ వంతో షట్టర్ పెడితే ప్రతి ఫ్రేములోనూ పూర్తి తరంగాలు పడి వెలుగు సమానంగా ఉంటుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట 60, 120. అంతకంటే వేగంగా తీస్తే ఒక ఫ్రేము ముదురు, ఒక ఫ్రేము లేత, అడ్డచారలు అదనం. ఫ్యాన్ ఆపండి, కర్టెన్ కుచ్చిళ్లు కట్టండి, టీవీ ఆపండి. గోడగడియారం ఉంటే పూర్తిగా ఒకే సగంలో ఉండేలా చూడండి, అతుకు దానిమీదుగా పోకూడదు. ముల్లు సంగతి ఎవరు చూస్తారనుకోవద్దు, ఈ ఫొటోలు చూసేవాళ్లు వెతికేది తప్పులే.

అతుకు ఎక్కడ రావాలో తీయకముందే నిర్ణయించుకోవాలి. తలుపు చట్రం అంచు, స్తంభం, గోడ మూల, బీరువా పక్క, ఏదైనా నిలువు గీత ఉంటే అంతకంటే అదృష్టం లేదు. నేలమీద చిన్న టేపు అంటించి మనిషి గానీ, మనిషి నీడ గానీ దాన్ని దాటకూడదని పెట్టుకోండి. నీడ మాట మరిచిపోయేవాళ్లే ఎక్కువ. కిటికీ ఎడమన ఉంటే ఎడమ మనిషి నీడ కుడికి సాగుతుంది, అది అతుకు దాటితే కలిపిన ఫొటోలో సగంలో తెగిపోతుంది. మెరిసే నేల, అద్దం, గాజు బల్ల ఉంటే ప్రతిబింబానికీ ఇదే లెక్క. గాఢమైన రంగు దుస్తులు తెల్లగోడకు దగ్గరగా ఉంటే గోడమీద ఆ రంగు ఛాయ పడుతుంది. అతుకుకూ మనిషికీ మధ్య కనీసం ఒక మూర ఖాళీ ఉంచితే ఆ గొడవ ఉండదు. సోఫాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చోవాలంటే దిండ్ల మధ్య సందునే అతుకుగా పెట్టుకోండి. కూర్చున్నవైపు దిండు దిగుతుంది, రెండోవైపు ఉబ్బి ఉంటుంది; ఒకే దిండు మధ్యలో కలపబోతే మెట్టు పడుతుంది.

మనిషి లేని ఖాళీ ఫ్రేము ఒకటి తప్పక తీసిపెట్టుకోవాలి, వీలైతే మొదట ఒకటి, చివర ఒకటి. ఎక్కడైనా నీడ తేడా వస్తే ఆ ముక్క దీన్నుంచి తెచ్చి కప్పేయొచ్చు. మొదటి, చివరి ఖాళీ ఫ్రేముల వెలుగు పోల్చి చూస్తే మధ్యలో ఏమైనా మారిందో లేదో కూడా తెలిసిపోతుంది.

ఇక చూపు. సాంకేతికంగా అంతా కుదిరి, ఫొటో మాత్రం నిర్జీవంగా ఉందంటే కారణం తొంభై పాళ్లు చూపే. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టు తీశారు, కానీ ఒకరు రెండోవారి భుజం మీదుగా ఎక్కడో చూస్తున్నారు. ఖాళీలోకి చూసి ఎత్తు ఊహించడం ఎవరివల్లా కాదు. రెండోవారు ఉండబోయే చోట ఒక స్టాండో కర్రో నిలబెట్టి, కళ్ల ఎత్తున కాగితం అంటించి దాన్నే చూడమనండి. కూర్చున్నవారిని చూడాలంటే కుర్చీలో కూర్చున్నప్పటి కళ్ల ఎత్తు ముందే కొలిచిపెట్టుకోవాలి. ఆ కర్రను తీసేయాల్సిన పని లేదు. అది ఉన్న సగం ఎలాగూ రెండో ఫ్రేము నుంచి వస్తుంది గనక దానంతటదే మాయమవుతుంది. రెండో ఫ్రేము తీసేటప్పుడు మాత్రం కర్రను ఇటువైపుకు మార్చాలి.

కలపడం పది నిమిషాల పని. ఫొటోషాప్‌లోనో, ఉచితంగా దొరికే గింప్‌లోనో రెండు ఫ్రేములూ ఒకే ఫైల్‌లో ఒకదానిమీద ఒకటి లేయర్లుగా, అంటే పొరలుగా, తెరవండి. మాస్క్ (లేయర్‌లో కొంత భాగాన్ని దాచే తెర) వేయకముందే పై లేయర్ కిందిదానితో కలిసే తీరును, అంటే బ్లెండ్ మోడ్‌ను, డిఫరెన్స్‌కు మార్చి చూడండి. రెండింట్లో ఒకేలా ఉన్నదంతా నల్లబడుతుంది, మనుషులిద్దరే మెరుస్తూ మిగులుతారు. తలుపుల అంచుల వెంట సన్నని వెలుగుగీతలు కనిపిస్తే కెమెరా కదిలిందన్నమాట. గీతలు లేకుండా గోడంతా బూడిదరంగులో ఉంటే ఎక్స్‌పోజర్‌గానీ వెలుగుగానీ మారింది. సన్నని ఇసుక పోసినట్టు చుక్కలుంటే అది కెమెరా సెన్సర్ వల్ల వచ్చే మామూలు నాయిస్, పట్టించుకోవద్దు. ఈ ఒక్క పరీక్ష చాలు, ఏ జబ్బుకు ఏ మందో తేలిపోతుంది. కదిలితే ఫొటోషాప్‌లో ఆటో అలైన్ వాడండి, గింప్‌లో అయితే పై లేయర్‌ను బాణం కీలతో ఒక్కో పిక్సెల్ జరపండి. వెలుగు మారితే కర్వ్స్ (వెలుగునీడలు సర్దే పనిముట్టు)తో ఒక లేయర్‌ను రెండోదానికి దగ్గరగా తీసుకురండి.

తర్వాత బ్లెండ్ మోడ్‌ను నార్మల్‌కు తెచ్చి, పై లేయర్‌కు తెల్ల మాస్క్ తగిలించి, నల్ల బ్రష్‌తో రెండో మనిషి రావాల్సినవైపు రుద్దండి. అడుగు లేయర్‌లోని మనిషి బయటపడతాడు. ఎక్కువ రుద్దితే తెల్ల బ్రష్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ఎరేజర్ వాడితే ఆ అవకాశం ఉండదు, వాడకండి. నాలుగు వేల పిక్సెళ్ల వెడల్పు ఫొటోకు ఖాళీ గోడ మీద రెండు మూడు వందల పిక్సెళ్ల మెత్తని బ్రష్ బాగుంటుంది. వెలుగులో చిన్నపాటి తేడా ఉన్నా ఆ మెత్తదనంలో కలిసిపోతుంది. తలుపు చట్రం వెంట పోయేటప్పుడు మాత్రం గట్టి అంచున్న చిన్న బ్రష్. మెత్తని బ్రష్‌తో మనిషి దగ్గరదాకా వెళ్తే మోచేయి పొగలా కరిగిపోతుంది. అయ్యాక పైన తాత్కాలికంగా ఒక కర్వ్స్ లేయర్ వేసి కాంట్రాస్ట్ విపరీతంగా పెంచండి. మామూలుగా కంటికి ఆనని చార కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సరిచేసి ఆ లేయర్ తీసేయండి. గ్రెయిన్, రంగుల మార్పులు లాంటి సింగారాలు ఉంటే అన్నీ కలిపాకే, ఇద్దరికీ ఒకేసారి.

మీ వ్యాసం చెప్పిన కత్తిరింపు నిజంగా అవసరమయ్యేది ఒక్కచోటే: ఇద్దరూ ఒకరినొకరు తాకుతున్నప్పుడు, లేదా ఒకరి ముందు ఒకరు వచ్చినప్పుడు. భుజం మీద చేయి వేయాలనుకోండి. ఒట్టి గాల్లో చేయి పెట్టి తీస్తే, ఆ చేతి బరువుకు చొక్కా నలగదు, చేతి నీడ భుజం మీద పడదు. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా అతికించినట్టే ఉంటుంది. దీనికి ఇంకో మనిషి సాయం కావాలి. దాదాపు అదే ఎత్తున్నవాళ్లు అదే రంగు పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని భుజం మీద నిజంగా చేయి వేయాలి. అతుకు మణికట్టు దగ్గర, చొక్కా కఫ్ అంచు మీద పెడితే వేళ్లూ, చొక్కా ముడతలూ, నీడా నిజమైనవే ఉండిపోతాయి. కరచాలనానికీ అంతే. ముందు మనిషి నీడ వెనక మనిషి మీద పడాల్సిన చోట కూడా సాయానికి వచ్చినవారిని ముందు స్థానంలో నిలబెట్టి వెనక మనిషిని తీయాలి. ఇలాంటి ఫొటోల్లో జుట్టు విరబోసుకోకుండా ముడేసుకోవడం మంచిది. వెనక మనిషి దుస్తులు ముందు మనిషి జుట్టు రంగులో లేకపోతే ఇంకా మంచిది.

ఫిల్మ్ కెమెరా ఉన్నవాళ్లు కెమెరాలోనే చేయొచ్చు. లెన్సు ముందు నల్ల అట్ట సరిగ్గా సగానికి అడ్డంపెట్టి ఒకవైపు, అట్ట తిప్పి రెండోవైపు, ఒకే ఫ్రేము మీద. అట్ట సగం కంటే ఎక్కువ మూస్తే నడుమ నల్లచార, తక్కువ మూస్తే తెల్లచార. రెండుసార్లూ అపెర్చర్ ఒకటే ఉండాలి, ఎందుకంటే అతుకు ఎంత మెత్తగా ఉంటుందన్నది దాన్నిబట్టే; ఎఫ్ 4 దగ్గర వెడల్పుగా కలిసిపోతుంది, ఎఫ్ 16 దగ్గర అట్ట అంచు గీసినట్టు పడుతుంది. ఎక్స్‌పోజర్‌ను సగానికి తగ్గించే పొరపాటు చేయొద్దు. మామూలు డబుల్ ఎక్స్‌పోజర్‌లో మొత్తం ఫ్రేము రెండుసార్లు వెలుగు తింటుంది గనక ఒక్కోసారి ఒక స్టాప్, అంటే సగం వెలుగు, తగ్గిస్తారు. ఇక్కడ ప్రతి సగం ఒక్కసారే వెలుగు చూస్తుంది, పూర్తి ఎక్స్‌పోజరే ఇవ్వాలి. మల్టిపుల్ ఎక్స్‌పోజర్ మీట లేని కెమెరాల్లో రివైండ్ బటన్ నొక్కిపట్టి ఫిల్మ్ జరిపే మీట లాగుతారు గానీ, ఫిల్మ్ వెంట్రుకంత జారే ప్రమాదం ఉంటుంది.

అట్ట లేకుండానూ చేయొచ్చు, వెనక నల్లటి మఖమల్ ఉంటే. మనిషిని దానికి రెండు మూడు మీటర్ల ముందు నిలబెట్టి, ఫ్లాష్ పక్కనుంచి కొట్టి, వెలుగు గుడ్డ మీద పడకుండా చూసుకోవాలి. చీకటి గదిలో షట్టర్ ఇరవై సెకన్లు తెరిచిపెట్టి, ఒక ఫ్లాష్, చోటు మారాక మరో ఫ్లాష్. నలుపు నమోదు కాదు గనక మనిషి గట్టిగా వస్తాడు. వెనక తెల్లగోడ ఉంటే ఆ గోడ మనిషి మీదుగా నమోదై, దయ్యంలా వెనకున్నదంతా కనిపిస్తుంది. ఇక ఫోన్ పనోరమాలో తీసేవాళ్లు చేయాల్సింది రెండే: మనిషి కెమెరా వెనకనుంచే పరుగెత్తాలి, ఫోన్ పట్టినవారు తాము గిర్రున తిరగకుండా ఫోన్‌ను లెన్సు దగ్గర ఇరుసు పెట్టినట్టు తిప్పాలి. లేకపోతే దగ్గరి వస్తువులు విరుగుతాయి.

ఒక మాట పత్రికవారికి. మీరు వ్యాసంతోపాటు వేసిన రెండు ఫొటోల్లో ఒకదాని కింద అది కలిపిన ఫొటో అని లేదు. విడిగా ఎవరైనా కత్తిరించి పంచుకుంటే అది కవలల ఫొటోగానే చలామణీ అవుతుంది. ఇలాంటి కిటుకులతో డబ్బు చేసుకోవడం కొత్త కాదు. విలియమ్ మమ్లర్ అనే ఆయన చనిపోయినవారి ఆత్మలు పడ్డాయంటూ ఫొటోలు అమ్మి 1869లో న్యూయార్క్‌లో మోసం కేసు ఎదుర్కొన్నాడు, ఆధారాలు చాలక బయటపడ్డాడు. శీర్షిక కింద రెండు మాటలు, ‘కలిపిన ఫొటో’ అని అచ్చువేస్తే చాలు. ఈసారి ఈ విషయం మీద రాస్తే పూర్తయిన ఫొటో పక్కన దానికి మూలమైన రెండు ఫ్రేములూ, మాస్క్ నలుపు తెలుపుల్లో ఎలా ఉందో చూపే బొమ్మా చిన్నవిగానైనా వేయండి. పేజీలో చోటు లేకపోతే నా ఉత్తరం సగానికి కోసేసినా ఫర్వాలేదు, డిఫరెన్స్ మోడ్ పేరా మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఫొటోగ్రఫీ నేర్పే ఒక పాఠకుడు